సంఘం బండికి పెద్ద ఇంజను

1995 జూన్ 11, ఆదివారం

ఆరాధన అయ్యాక సంఘ పెద్దల మీటింగు. మీటింగు అంటే కార్యదర్శి శాంసన్ గారు మాట్లాడటం, మిగతా అందరూ ఫ్యాను వంక చూడటం. ఈసారి నేనూ నోరు విప్పాను. విప్పకుండా ఉంటే పోయేది.

విషయం బండి. సంఘంలో ఎవరు పోయినా పెట్టెను ఇంటి దగ్గర్నుంచి సమాధుల తోటకి చేర్చే పాత పికప్పు. పోయిన వారం కమలాదేవి టీచరు గారి భూస్థాపనకి వెళ్తూ సీతాఫల్‌మండి ఎత్తు మీద ఆగిపోయింది. ముసలి పెట్రోలు ఇంజను, పొగ తప్ప బలం లేదు. వెనక కీర్తన పాడుతూ వస్తున్నవాళ్ళు పాట ఆపి నెట్టారు. టీచరు గారి అల్లుడు మిట్టమధ్యాహ్నం ఎండలో టై కట్టుకుని మరీ నెట్టాడు. ఆ అవమానమంతా తనకే జరిగినట్టు మాట్లాడాడు శాంసన్ గారు. బండిని పాత ఇనుముకి అమ్మేద్దాం, ఇకమీద బయటి వ్యాను మాట్లాడుకుందాం, డ్రైవరుతో సహా వస్తుంది అన్నాడు.

డ్రైవరుతో సహా. ఆ మాట అన్నప్పుడు నాన్న ముందు బెంచీలోనే ఉన్నాడు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటున్నాడు.

యూనివర్సిటీ బస్సు నడిపి రిటైరయ్యాక ఆయనకి మిగిలిన పని ఈ బండి ఒక్కటే. ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా సెలవు పెట్టి నడిపేవాడు. ఈ బండి మనిషి నడిచే వేగంతోనే పోవాలి, వెనక జనం పాడుకుంటూ రావాలి, లోపల పెట్టె కదలకూడదు. ముప్పై ఏళ్ళలో పాస్టరు గార్లు ఎందరో మారారు, ఆ సీట్లో మనిషి మారలేదు. అది కూడా తీసేస్తే నాన్న ఏం చేస్తాడు? తార్నాకలో మా ఇంటి వరండాలో కూచుని ఎన్నో నంబరు బస్సు ఎంత ఆలస్యంగా వెళ్ళిందో చెబుతూ ఉంటాడు. అది నేను చూడలేను.

అందుకే లేచి నిలబడ్డాను. "ఇంజను మారిస్తే చాలండీ. పెద్ద డీజిలు ఇంజను పెడదాం. నేను దగ్గరుండి పెట్టిస్తాను."

"కాలేజీలో పిల్లలకి ఆకురాయి పట్టుకోవడం నేర్పుతారు గదా మీరు, ఇంజన్లు కూడా వచ్చా?" అన్నాడు శాంసన్ గారు. నలుగురూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. వర్క్‌షాపు ఇన్‌స్ట్రక్టరంటే అందరికీ లోకువే. వానలు తగ్గేలోపు బండి తిరక్కపోతే అమ్మేసుకోండి అని చెప్పి వచ్చేశాను.

ఇంటికొచ్చాక అమల అడిగింది. "మావయ్య గారిని ఒక్క మాట అడిగారా?"

అడగడానికేముంది. ఆయన కోసమే గదా.


జూన్ 15

అంబర్‌పేట్ వెళ్ళాను. బుచ్చిరాములు అనే మెకానిక్కు దగ్గర యాక్సిడెంటయిన వ్యాను తాలూకు డీజిలు ఇంజను ఉంది. పాతదానికి ఒకటిన్నర రెట్లుంటుంది సైజు. స్టార్టు చేసి వినిపించాడు. గుండె నిండుగా ఉంది చప్పుడు.

"పట్టదేమో సార్ మీ బండిల" అన్నాడు.

"పట్టిద్దాం."

"మీరు పట్టిస్తనంటే నేనెందుకొద్దంట? పాత ఇంజన్ నాకిచ్చెయ్యున్రి, కూలిల పట్టుకుంట."

ఇచ్చెయ్యడానికి ఒప్పుకున్నాను. ఆ పొగగొట్టం నాకెందుకు?


జూన్ 22

మా హెడ్డు శ్రీనివాసరావు గారు. వర్క్‌షాపు వెనక ఖాళీ షెడ్డు అడిగితే, "శవాల బండికి మన షెడ్డా స్టీఫెన్?" అని ముక్కు మీద రుమాలు పెట్టుకున్నాడు, బండి ఇంకా రాకముందే. పిల్లలు చూసి నేర్చుకుంటారు సార్ అన్నాను. ఆదివారాలు, సెలవు రోజులు మాత్రమే అని షరతు పెట్టాడు. సరే అన్నాను. అన్ని రోజులూ వెళ్తాను.


జూలై 2, ఆదివారం

పాత ఇంజను దించాం. చైన్‌పుల్లీకి వేలాడుతుంటే నాన్న వచ్చాడు. ఆరాధన నుంచి నేరుగా క్యాంపస్సులోకి నడిచొచ్చాడట, చొక్కా తడిసిపోయింది. కాసేపు నిలబడి చూశాడు. దగ్గరికొచ్చి ఇంజను మీద చెయ్యి వేశాడు.

"దీన్నెక్కడ పెడతారు?"

"బుచ్చిరాములు తీసుకెళ్తాడు నాన్నా."

"ఓహో" అన్నాడు. తిరిగి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఉండి కొత్తది చూడమన్నా ఉండలేదు. ఆయనకి ఇంజన్ల మీద ఆసక్తి లేదు, నడపడం మీదే.


జూలై 8

గేర్‌బాక్సుకీ ఇంజనుకీ బోల్టు రంధ్రాలు కలవడం లేదు. మధ్యలో ఒక ప్లేటు చేసి పెట్టాలి. కాలేజీ లేత్ మీద చేస్తాను.


జూలై 13

ప్లేటు కుదరలేదు.


జూలై 14

ఇవాళా కుదరలేదు. వెంట్రుకవాసి తేడా. పిల్లలకి చెబుతూ ఉంటాను, రెండుసార్లు కొలిచి ఒకసారి కొయ్యండిరా అని. నేను నాలుగుసార్లు కొలిచాను.


జూలై 25

బోనాలని పోయినవాడు బుచ్చిరాములు, పత్తా లేడు. అంబర్‌పేట్ వెళ్తే, భార్య "వారాసిగూడల మా ఆడబిడ్డోళ్ళింటికి పోయిండు" అంది. వారాసిగూడ వెళ్తే అక్కడ "ఇప్పుడే పోయిండు" అన్నారు. వానలో స్కూటరు ఆగిపోయింది. ఇంటికొచ్చేసరికి అమల తువ్వాలు ఇచ్చి, "మీరు ఈ బండి కోసం పడ్డ తిప్పల్లో సగం పడితే మన బాత్రూము కుళాయి బాగయ్యేది" అంది. కుళాయి కారడం మామూలే.

ఇంట్లో ఎప్పుడు చూసినా నొప్పుల నూనె వాసన. కిటికీలు తీసి పెట్టమని చెప్పాలి అమలకి.


ఆగస్టు 6, ఆదివారం

ప్లేటు కుదిరింది! ఇంజను కూచుంది. కూచుంది అంటే, కింద ఆయిలు గిన్నె వెళ్ళి ముందు ఇరుసు మీద ఆనింది. కాస్త ఎత్తితే బానెట్టు మూతపడదు. వెనక్కి జరిపితే క్యాబిను గోడ అడ్డం. ముందుకి జరిపితే రేడియేటరు అడ్డం. నాలుగు వైపులా నాకే అడ్డం.

"నేను చెప్పలే? చిన్న ఇంట్ల పెద్ద బీరువా ఇరికిస్తున్నం" అన్నాడు బుచ్చిరాములు, బీడీ వెలిగిస్తూ. డీజిలు పక్కన బీడీ. వాడి మీద అరిచాను. బానెట్టు మధ్యలో కోసి, పైన రేకు బుడిపె అతకమన్నాను. నాన్న ప్రతి శనివారం తుడిచే బానెట్టు అది. రంగు వేస్తే తెలియదు.


ఆగస్టు 20, ఆదివారం

చర్చి మెట్లు ఎక్కేటప్పుడు నాన్న పక్క కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టు దగ్గర ఆగుతున్నాడు. వానలకి మెట్లు పాచి పట్టి జారుతున్నట్టున్నాయి. శాంసన్ గారికి ఇలాంటివి కనబడవు.


ఆగస్టు 27

పాత క్లచ్చు ఈ ఇంజను బలానికి ఆగడం లేదు. ఇంజను తిరుగుతుంది, బండి కదలదు. పెద్ద ఇంజనుకి దాని పెద్ద క్లచ్చే వెయ్యాలి. వేశాం. బుచ్చిరాములు ఎక్కి తొక్కి చూశాడు.

"క్లచ్ జర గట్టిగున్నది సార్."

నేనూ ఎక్కి తొక్కాను. నాకేం గట్టిగా అనిపించలేదు.


సెప్టెంబరు 3, ఆదివారం

స్టార్టయింది. మొదటి తిప్పుకే. షెడ్డు రేకులు అదిరాయి. రేకుల మీది పావురాలన్నీ లేచిపోయాయి. బుచ్చిరాములు నా వీపు మీద చరిచాడు, చేతి గ్రీజంతా చొక్కాకి అంటించాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ముందు భాగం బరువెక్కి వంగింది. ముందు స్ప్రింగులకి కమాన్ పట్టీలు రెండు అదనంగా వేయించాలి. స్టీరింగు బండి ఆగి ఉన్నప్పుడు బిగుతుగా ఉంది, కదిలాక బాగానే ఉంటుంది.


సెప్టెంబరు 5

ఇంజను మారినట్టు ఆర్టీఏ ఆఫీసులో రాయించుకోవాలి. ఇన్‌స్పెక్టరు రేపు రమ్మన్నాడు.


సెప్టెంబరు 8

రేపు రమ్మన్నాడు.


సెప్టెంబరు 12

రాశాడు. బానెట్టు మీద బుడిపె చూసి, "ఇదేందయ్యా, ఒంటెనా?" అన్నాడు. పర్వాలేదు, రాశాడు గదా.


సెప్టెంబరు 14

తెల్లవారగానే క్యాంపస్సు రోడ్డు మీద నడక వేగం పరీక్ష చేశాను. ఒకటో గేరులో వేసి, యాక్సిలరేటరు ముట్టుకోకుండా వదిలేస్తే ఎంత వేగంతో పోతుందో చూడాలి. దానికి వెనక నడిచే మనిషి కావాలి. అమలని బతిమాలి తీసుకెళ్ళాను. భూస్థాపనకి నడిచినట్టే నడవాలి, కీర్తన పాడాలి, అప్పుడే అసలు వేగం వస్తుంది అన్నాను.

"పొద్దున్నే ఎవరూ పోకుండానే పాడాలా?" అంది. అయినా పాడింది. చెట్ల కింద చదువుకుంటున్న హాస్టలు పిల్లలు పుస్తకాలు మూసి నిలబడ్డారు. ఒకడు టోపీ తీశాడు. ఇంకొకడు దగ్గరికొచ్చి, "ఎవరు పోయిన్రు ఆంటీ?" అని అడిగాడు. "మా ఆయన బుర్ర" అంది అమల. గేటు దగ్గర గార్డు బండి ఆపాడు, నేను మా కాలేజీ కార్డు చూపించాల్సి వచ్చింది.

వేగం మాత్రం అచ్చు నడకే. ఒక్కసారి కూడా ముందుకి దూకలేదు, ఆగలేదు. దిగి అమలని అడిగాను, ఎలా ఉందని.

"వేగం బాగుంది. నా పాట నాకే వినబడలేదు."

"నువ్వొక్కదానివి పాడావు గనక. జనం పాడితే వినబడుతుంది."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, "మావయ్య గారిని ఒకసారి ఎక్కించి చూడండి" అంది. అంతా పూర్తయ్యాక చూపిస్తానన్నాను. సగం పనిలో చూపిస్తే పేర్లు పెడతాడు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపినవాడికి నేను నేర్పాలా ఏంటి?


సెప్టెంబరు 17, ఆదివారం

చర్చి ఆవరణలో బండిని చూపించాను. పాస్టరు గారు బానెట్టు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. సరిగ్గా బుడిపె మీదే పెట్టారు. చప్పట్లు కొట్టారు. శాంసన్ గారు కూడా కొట్టాడు, కొట్టక ఏం చేస్తాడు?

నాన్న ఎక్కి సీట్లో కూచున్నాడు. కొత్త రెగ్జిను వేయించాను సీటుకి. స్టార్టు చెయ్యమంటే తల అడ్డంగా ఊపాడు. "అవసరం లేకుండా ఈ బండిని తిప్పకూడదురా. అవసరం పడిన రోజున చూద్దాం" అన్నాడు. ఎప్పుడూ ఆయన మాట అదే, సరదాకి ఆ బండి ఎక్కనిచ్చేవాడు కాదు మమ్మల్ని చిన్నప్పుడు.

దిగబోయే ముందు ఒకసారి క్లచ్చు తొక్కి చూశాడు. ఏమీ అనలేదు. అనలేదంటే నచ్చినట్టే.


సెప్టెంబరు 24, ఆదివారం

ఉప్పలమ్మ పోయింది. లేడీస్ హాస్టలు ఊడ్చేది, ఆదివారం వెనక బెంచీలో కూచుని అందరికంటే గట్టిగా పాడేది. కొడుకు సామేలు హాస్టలు మెస్సులో పని చేస్తాడు. మధ్యాహ్నం ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే నిలబడి నాన్నతో అన్నాడు, "తాతా, మా నాయనను నువ్వే తీస్కపోయినవ్. మా అమ్మను గూడ నువ్వే తీస్కపోవాలె."

నాన్న వాడి భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకొచ్చాడు. "తీసుకెళ్తానయ్యా" అన్నాడు. అని నా వైపు చూశాడు. బండి సిద్ధంగా ఉందా అని కాబోలు.

సాయంత్రం బండి కడిగి, డీజిలు పోయించి, టైర్లలో గాలి చూశాను. ఏ లోటూ లేదు.


సెప్టెంబరు 26

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను. నిన్న కలం పట్టబుద్ధి కాలేదు.

వారాసిగూడలో ఉప్పలమ్మ ఇల్లు సందు చివర. బండిని సందులోకి నేనే తెచ్చి పెట్టాను. పెట్టె ఎక్కించారు. పాస్టరు గారు ప్రార్థన ముగించారు, ఆడవాళ్ళు కీర్తన ఎత్తుకున్నారు. నేను దిగి తాళం చెవి నాన్న చేతికిచ్చాను. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చాడు.

స్టార్టు చేశాడు. క్లచ్చు తొక్కాడు. మామూలుగా తొక్కలేదు. స్టీరింగు రెండు చేతులా పట్టుకుని, నడుము వెనక్కి ఆనించి, కాలు చాపి మనిషంతా బలం పెట్టి తొక్కాడు. గేరు పడింది. కాలు నిలవలేదు. మోకాలు వణికి పెడలు మధ్యలోనే జారిపోయింది. బండి ముందుకి ఎగిరి దూకి ఆగిపోయింది. లోపల పెట్టె జారి క్యాబిను గోడకి కొట్టుకుంది. ఆ చప్పుడు సందులో అందరికీ వినబడింది. పాట ఆగిపోయింది.

సామేలు బండిలోకి ఎగిరి ఎక్కి రెండు చేతులా పెట్టెను పట్టుకున్నాడు. "తాతా, మెల్లగ" అన్నాడు, అంతే.

నాన్న మళ్ళీ స్టార్టు చేశాడు. మళ్ళీ అలాగే అయింది. ఆయన మెడ వెనక చెమట ధారలు కట్టింది. మూడోసారి తాళం తిప్పలేదు. హ్యాండ్‌బ్రేకు లాగాడు.

"స్టీఫెనూ, రా" అన్నాడు.

తలుపు తీసి, రెండు చేతులతో ఎడమ కాలు ఎత్తి బయట పెట్టుకుని దిగాడు. ఆయన అలా దిగడం నేను ఇదివరకు చూడలేదు అని రాయబోయాను. చూశాను. ఇంట్లో మంచం మీంచి లేచేటప్పుడు చూశాను, చర్చి మెట్ల మీద చూశాను. మెట్లు జారుతున్నాయని రాసుకున్నాను.

నేనెక్కి నడిపాను. క్లచ్చు నా కాలికి మెత్తగా ఉంది. సందు మలుపులో స్టీరింగు తిప్పడానికి నాకే భుజాలు లాగాయి. నాన్న చేతులకి అది కూడా చాతనయ్యేది కాదు. నడక వేగంలోనే ఆ స్టీరింగు అన్నిటికంటే బరువు, ఈ బండి పోయేదే నడక వేగం. ఇంత చిన్న సంగతి ఇన్ని నెలల్లో నా బుర్రకి తట్టలేదు. సీతాఫల్‌మండి ఎత్తు అసలు ఎత్తే కానట్టు ఎక్కేసింది. ఆ ఎత్తు కోసమే గదా ఇదంతా చేసింది. నాకేం సంతోషం కలగలేదు.

కీర్తన వినబడలేదు. అద్దంలో చూస్తే అందరి నోళ్ళూ కదులుతున్నాయి, ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు. అందరికంటే వెనక, ఆడవాళ్ళ తర్వాత, నాన్న కుంటుతూ నడుస్తున్నాడు. ఆయన నోరు కూడా కదులుతోంది.


సెప్టెంబరు 27

శాంసన్ గారు కాలేజీకి ఫోను చేసి మరీ అభినందించాడు. బండి బ్రహ్మాండం అట. "ఇక డ్రైవరు కూడా మీరే అయిపోయారు, మనకి వెతుక్కునే బాధ లేదు" అన్నాడు. ఫోను పెట్టేశాను. లైను కట్టయిందనుకుంటాడు.

నాన్న బండి తాళం చెవి దేవుని వాక్యం క్యాలెండరు కింద మేకుకి తగిలించాడు. ఎప్పుడూ ఆయన చొక్కా జేబులోనే ఉండేది.


సెప్టెంబరు 28

అంబర్‌పేట్ వెళ్ళాను. పాత ఇంజను వెనక్కి పెట్టేద్దాం అన్నాను. బుచ్చిరాములు నా మొహం చూసి ముందు నవ్వాడు, తర్వాత నవ్వలేదు.

"గా ఇంజన్ ఏడున్నది సార్? ఎప్పుడో ముక్కలు జేసి అమ్మేసిన. మీరే ఇచ్చిన్రు గద."

"పోనీ క్లచ్చు స్ప్రింగు మెత్తగా చెయ్యి."

"చేస్త. ప్లేట్ జారుతది. గా ఎత్తు మీద బండి నిలబడతది. మల్ల నెట్టున్రి."

ఏదో ఒక దారి చెప్పమని అరిచాను. వాడి కొట్టు ముందు జనం పోగయ్యారు. "నా మీద గరమైతే ఏమొస్తది సార్? గట్టిగున్నదని నేను చెప్పలే?" అన్నాడు. టీ తెప్పించాడు. తాగకుండా వచ్చేశాను. వాడి తప్పేం లేదని తెలుసు, అందుకే ఇంకా మండింది.


అక్టోబరు 1, ఆదివారం

నాన్న ముందు బెంచీలో కూచోలేదు. వెనక, ఉప్పలమ్మ కూచునే చోట కూచున్నాడు.


అక్టోబరు 2

సెలవు. ఏమీ చెయ్యలేదు. బాత్రూము కుళాయి బాగుచేశాను. అమల ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.


అక్టోబరు 4

పొద్దున వరండాలో నాన్న పక్కన కూచున్నాను. బస్సులు పోతున్నాయి. నంబర్లు చెప్పడం లేదు. నేనే మొదలుపెట్టాను.

"కాలు అంత బాలేదని చెప్పొచ్చు గదా నాన్నా."

"నువ్వు అడగొచ్చు గదా."

"అడిగితే చెప్పేవాడివా?"

"చెప్పేవాణ్ణి కాదు. చెబితే బండి అమ్మేసేవాళ్ళు" అన్నాడు.

అంటే ఆయన కాలు దాచింది బండి కోసం. నేను బండి మార్చింది ఆయన కోసం. ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఒకే గిన్నెలోంచి కూర వడ్డించుకుంటున్నాం. నా తల నేనే గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

"నాకు బాధ లేదనుకోకు. ఉంది. ఆ సీటు పోయినందుకు ప్రాణం పోయినట్టే ఉంది. నీ మీద కోపం కూడా ఉందిరా. ఇంకొన్నాళ్ళుంటుంది" అన్నాడు. ఇంత పొడుగ్గా ఆయన మాట్లాడటం అరుదు.

తర్వాత అడిగాడు. "మీ అమ్మని ఎవరు తీసుకెళ్ళారో గుర్తుందా?"

"నువ్వే."

"నేనే. రత్నమ్మని ఇంకొకరి చేతికివ్వనన్నాను. మీరంతా దాని వెనకాల నడిచారు. ఏడుస్తూ నడిచారు, పాడుతూ నడిచారు. నేను ముందు కూచుని గుంటలు చూసుకున్నాను, గేరు చూసుకున్నాను. అది నా వీపు వెనకే ఉంది. ఒక్కసారి వెనక్కి తిరగలేదు. దింపాక చూస్తే, అప్పటికే అందరి ఏడుపూ అయిపోయింది. నాకు ఇంకా మొదలవలేదు."

ఆ రోజు నాన్న ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదని బంధువులంతా చెప్పుకున్నారు. ఎంత గుండె నిబ్బరమో అన్నారు. నేనూ అదే అనుకున్నాను.

"మొన్న ఉప్పలమ్మ వెనక నడిచాను చూడు. ముప్పై ఏళ్ళలో ఇదే మొదటిసారి వెనకాల నడవడం. నీ ఇంజను మోతలో ఎవరికీ వినబడలేదు గాని, ఏడ్చాను. ఆవిడ కోసమేనా అంటే, ఏమో."

అని మోకాలు మీద చెయ్యి పెట్టి లేచాడు. లేచి నిలబడి, సంచీ వెతుక్కుంటూ అన్నాడు, "నా రోజున మాత్రం నువ్వు నడపొద్దు. వెనకాల నడుచుకుంటూ రా."

"ఏం మాటలు నాన్నా పొద్దున్నే!" అన్నాను, కసురుకున్నట్టే అన్నాను. ఆయన వినిపించుకోలేదు. పాల ప్యాకెట్లు తేవడానికి మెట్లు దిగాడు. ఒక్కొక్క మెట్టు దగ్గర ఆగి దిగాడు.


అక్టోబరు 5

ఆ బండి నడపగలిగినవాళ్ళు సంఘంలో ఎవరెవరు? నేను.


అక్టోబరు 6

నేనే.


అక్టోబరు 8, ఆదివారం

ఆరాధన అయ్యాక సామేలుని పక్కకి పిలిచాను. వాళ్ళమ్మ రోజున జరిగినదానికి క్షమించమన్నాను. "ఊకోన్రి అన్నా. తాత మా అమ్మ వెంట తోట దాక నడిచిండు. కాళ్ళు నొస్తున్నా నడిచిండు. గది చాలు" అన్నాడు. గట్టి మనిషి, మెస్సులో పెద్ద పెద్ద డేగిసాలు ఎత్తే కాళ్ళూ చేతులూ. రేపు పొద్దున ఆరింటికి క్యాంపస్సులో మా వర్క్‌షాపు దగ్గరికి రమ్మన్నాను.

కొత్త సైలెన్సరు కూడా వేయించాలి. చప్పుడు సగం తగ్గినా చాలు.


అక్టోబరు 9

సామేలు వచ్చాడు. సీట్లో కూచోబెట్టి, క్లచ్చు ఏదో గేరు ఏదో చూపించాను. తొక్కాడు. వాడి కాలికి అదొక లెక్కే కాదు. కానీ వదలడం రాలేదు. వదలగానే బండి దూకి ఆగిపోయింది. మళ్ళీ దూకింది, మళ్ళీ ఆగింది. నాకు విసుగొచ్చింది, అరిచాను. "వదలమంటే పడెయ్యమని కాదురా! పసిబిడ్డని పడుకోబెడుతున్నట్టు వదులు."

చొక్కా తడిసిపోయింది వాడికి. హాస్టలు పిల్లలు చెట్ల కింద నిలబడి నవ్వుతున్నారు. చివరికి ఒకసారి కదిలింది. నేను దిగి బండి వెనకాల నడిచాను, లైబ్రరీ మలుపు దాకా. కాస్త వేగం ఎక్కువైంది. నేను పరిగెత్తాల్సి వచ్చింది.

బండి ఆపి, తల బయటపెట్టి అడిగాడు. "అన్నా, మీరున్నరు గద నడపనీకి. నాకెందుకు?"

ఒకరికిద్దరు ఉండాలి గదా అన్నాను. వాడు నా మొహంలోకి చూశాడు, మళ్ళీ అడగలేదు.

వేగం తగ్గాలి, మనిషి నడిచేంత తగ్గాలి, దానికి టైము పడుతుంది, తొందరేం లేదు అని చెప్పాను. చెప్పి, రేపు కూడా ఆరింటికే రమ్మన్నాను. ఎల్లుండి కూడా.